మూడు వీశెల తుపాకి: పెద్ద చట్రం, చిన్న చట్రం రైఫిళ్ల బరువు – కొల్లేరు ప్రాంత సైనికచరిత్ర వెలుగులో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లను వాటి తూటా పరిమాణాన్ని బట్టి పెద్ద చట్రపు రైఫిళ్లు, చిన్న చట్రపు రైఫిళ్లు అని విభజించడం ఆయుధచరిత్రలో పరిపాటి. చట్రం చిన్నదైతే సైనికుని భారం తగ్గుతుందన్నది సాధారణంగా వినిపించే వాదం. తాడేపల్లిగూడెం సమీపంలోని మాధవరం గ్రామ సైనికసంప్రదాయాన్ని ఆధారంగా చేసుకొని, కొల్లేరు పరిసరాల నుండి సైన్యంలో చేరినవారు తరతరాలుగా మోసిన తుపాకుల బరువును ఈ వ్యాసం పోల్చి చూస్తుంది. రెండున్నర శతాబ్దాలలో తుపాకి యంత్రం పూర్తిగా మారినా, దాని బరువు దాదాపు మూడు వీశెల దగ్గరే నిలిచింది. చట్రం చిన్నదైనప్పుడు తగ్గిన బరువులో అధికభాగం తుపాకిది కాదు, తూటాలది. ఆ తగ్గుదల కూడా సైనికుని భుజానికి విశ్రాంతిగా మిగలలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వీశె, తుపాకి, తూటా, తిలంగా, మాధవరం, కొల్లేరు, ఎస్.ఎల్.ఆర్., ఇన్సాస్.

1. ఉపోద్ఘాతం

కొల్లేటికి దక్షిణాన, గుడివాడ – భీమవరం రైలుమార్గం మీద మండవల్లి ఉంది. ఈశాన్యాన, ఏలూరు దాటి రాజమహేంద్రవరం దిశగా సాగే మార్గంలో తాడేపల్లిగూడెం ఉంది. ఈ రెండింటి నడుమనున్న పల్లపు భూములు వరికీ చేపలకూ ప్రసిద్ధి. ఇక్కడి జనానికి బరువు పుస్తకంలో చదివి తెలుసుకొనే విషయం కాదు. కావడి మోసిన భుజానికీ, డెబ్బై అయిదు కిలోల ధాన్యపు బస్తాను బండికెత్తిన వీపుకూ అది తెలుసు. ఇదే ప్రాంతం నుండి వేరొక బరువును మోయడానికి వెళ్లినవారూ ఉన్నారు. తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరం ‘మిలటరీ మాధవరం’గా పేరు పొందడానికి కారణం వారే.

మాధవరం గురించి వెలువడిన రచనలలో యుద్ధాలకు వెళ్లినవారి సంఖ్య, వారి హోదాలు, పతకాలు కనిపిస్తాయి. మొదటి ప్రపంచయుద్ధంలో 90 మంది, రెండవ ప్రపంచయుద్ధంలో 1,110 మంది ఈ గ్రామం నుండి పాల్గొన్నారని గ్రామస్థులు చెప్పే లెక్కను పత్రికలు పలుమార్లు ప్రచురించాయి. వారు చేత పట్టిన ఆయుధం ఎంత బరువుండేది, తరం మారినప్పుడు ఆ బరువు ఎలా మారింది అన్న ప్రశ్నకు మాత్రం ఆ రచనలలో చోటు లేదు. ఆయుధచరిత్ర గ్రంథాలలో ఇందుకు విరుద్ధమైన లోపం ఉంది. అక్కడ తుపాకి బరువు గ్రాములతో సహా ఉంటుంది, మోసినవాడు ఉండడు. ఈ రెండు లోపాలను ఒకచోట చేర్చి పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అమెరికా వంటి దేశాలలో చిన్న చట్రం, పెద్ద చట్రం అన్న చర్చ ఎక్కువగా కొనుగోలుదారుని ఎంపికకు సంబంధించినది. భారతదేశంలో సైనికతరహా సెమీ ఆటోమేటిక్ రైఫిలు సాధారణ పౌరునికి అందుబాటులో ఉండే వస్తువు కాదు. కనుక ఇక్కడ దాని బరువును గురించిన ఏ చర్చ అయినా చివరకు సైనికుని భుజం గురించిన చర్చే అవుతుంది.

2. తూనిక, మాట

దశాంశమానం అమలులోకి రాకముందు ఆంధ్రదేశంలో వీశె, మణుగు వాడుకలో ఉండేవి. నూట ఇరవై తులాలు ఒక వీశె. ఎనిమిది వీశెలు ఒక మణుగు. వీశె నేటి లెక్కలో సుమారు 1.4 కిలోలు. 1956లో వచ్చిన తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం తరువాత కిలో క్రమంగా ఆ స్థానాన్ని ఆక్రమించింది. మొదటి, రెండవ ప్రపంచయుద్ధాలకు వెళ్లిన గోదావరి మండల సైనికునికి ఇంటి దగ్గర తెలిసిన తూనిక వీశె. సైన్యంలో ఎదురైనది పౌను. అందువల్ల ఈ వ్యాసంలో కిలోలతో పాటు వీశెలను కూడా ప్రమాణంగా గ్రహించడం జరిగింది. ఇది కేవలం అలంకారం కాదు. వీశెలలోకి మార్చినప్పుడు వేర్వేరు కాలాల తుపాకుల మధ్యనున్న సామ్యం స్పష్టంగా కనబడుతుంది.

‘తుపాకి’ శబ్దం తుర్కీ, పారశీక మూలాల నుండి దేశభాషలలోకి వచ్చింది. ‘ఫిరంగి’ శబ్దం ఐరోపావారిని సూచించే జాతినామం నుండి ఏర్పడి, తెలుగులో పెద్ద గుండ్లను పేల్చే ఆయుధానికి పేరయింది. ఈ ఆయుధాల పేర్లు తెలుగులోకి వచ్చిన కాలంలోనే తెలుగువారి పేరు మరొక దిశగా ప్రయాణించింది. కుంఫిణీ సైన్యంలో తొలినాటి సిపాయిలలో తెలుగుదేశపువారు అధికంగా ఉండటం చేత, హిందుస్తానీలో ‘తిలంగా’ అన్న మాట ఐరోపా పద్ధతిలో శిక్షణ పొందిన సిపాయికి పర్యాయపదమైంది. ఒక భాషాసమూహం పేరు తుపాకి మోసేవానికి వృత్తినామంగా స్థిరపడటం చరిత్రకారుని దృష్టిని ఆకర్షించవలసిన విషయం.

3. ఏలూరు మీదుగా సాగిన మస్కెట్

1758 డిసెంబరులో పిఠాపురం సమీపంలోని చందుర్తి వద్ద కర్నల్ ఫోర్డ్ నాయకత్వంలోని ఆంగ్లసేన, విజయనగర ప్రభువు ఆనందగజపతి మద్దతుతో ఫ్రెంచివారిని ఓడించింది. ఆ సేన రాజమహేంద్రవరం, ఏలూరుల మీదుగా మచిలీపట్నం చేరి, 1759 ఏప్రిల్‌లో అక్కడి కోటను వశం చేసుకొంది. ఏలూరుకూ మచిలీపట్నానికీ నడుమ కొల్లేరు ఉంది. అందుచేత కొల్లేటి పరిసరాల నేల నాటికే వందలాది మస్కెట్ల బరువును ఎరిగినదని చెప్పవచ్చు.

ఆ కాలపు బ్రిటిష్ మస్కెట్లు నాలుగున్నర కిలోలకు అటూఇటూగా ఉండేవి. తరువాత కుంఫిణీ తన సైన్యం కోసం కొంత పొట్టి గొట్టంతో, తక్కువ ఖర్చుతో చేయించుకొన్న నమూనాను 18వ శతాబ్ది చివరిదశలో బ్రిటిష్ సైన్యం కూడా స్వీకరించింది. దానికి ‘ఇండియా ప్యాటర్న్’ అని పేరు. దాని బరువు సుమారు 4.4 కిలోలు, అంటే మూడు వీశెలకు కొద్దిగా పైన. గొట్టం నున్నగా ఉండే ఈ మస్కెట్‌లో మందు, గుండు రెండూ మూతి నుండే కూరాలి. ఒక్కసారి పేల్చి తిరిగి సిద్ధం చేసుకొనే వ్యవధిలో శత్రువు మీదికి రావచ్చు. అప్పుడు తుపాకి కొసకు బిగించిన సనీను ఆధారం. మస్కెట్ పొడవుకూ బరువుకూ గల కారణాలలో ఇది ఒకటి. అది తుపాకి మాత్రమే కాదు, ఈటె కూడా.

4. మాధవరం, త్రీ నాట్ త్రీ

మాధవరం సైనికసంప్రదాయానికి మూలాన్ని స్థానిక కథనాలు గజపతుల కాలంతోనూ, సమీపంలోని ఆరుగొలను కోటతోనూ ముడిపెడతాయి. ఉత్తరాంధ్ర ప్రాంతాల నుండి యోధుల కుటుంబాలను రప్పించి ఇక్కడ నిలిపారన్నది ఆ కథనాల సారం. దీనిని జనశ్రుతిగానే గ్రహించవలసి ఉన్నా, ఒక ఊరు తన వృత్తిని తాను ఎలా అర్థం చేసుకొందో చెప్పే ఆధారంగా దానికి విలువ ఉంది.

రెండు ప్రపంచయుద్ధాలలోనూ భారతీయ పదాతిసైనికుని ప్రధాన ఆయుధం లీ ఎన్‌ఫీల్డ్ రైఫిలు. తూటా వ్యాసాన్ని అంగుళాలలో చెప్పే అంకెను బట్టి దీనికి ‘త్రీ నాట్ త్రీ’ అన్న పేరు తెలుగునాట స్థిరపడింది. 1907 నాటి మార్క్ 3 నమూనా కలకత్తా సమీపంలోని ఇషాపూర్ రైఫిల్ కర్మాగారంలో కూడా తయారయింది. దాని బరువు సుమారు 4 కిలోలు. అది సెమీ ఆటోమేటిక్ కాదు. ప్రతి గుండుకూ సైనికుడు బోల్టును చేత్తో వెనక్కి లాగి ముందుకు తోయాలి.

ఇక్కడ గమనించవలసినది తుపాకి ఒక్కటే కాదు. 1908 నమూనా నడుంపట్టీలో పది జేబులు, ఒక్కొక్క దానిలో పదిహేను చొప్పున 150 తూటాలు పట్టేవి. ఒక్కొక్క తూటా సుమారు 25 గ్రాములు. అంటే తూటాలే 3.75 కిలోలు. తుపాకి, తూటాలు కలిపితే 7.75 కిలోలు, అయిదున్నర వీశెలు. తుపాకి ఎంత బరువో, దానికి పెట్టే మేత దాదాపు అంత బరువు. ఆయుధాల పట్టికలలో ఖాళీ తుపాకి బరువు మాత్రమే నమోదు కావడం వలన ఈ రెండవ సగం చాలాసార్లు చరిత్రకారుని కంటికి ఆనదు.

మాధవరం నుండి వెళ్లిన వారందరూ పదాతిదళంలో పనిచేశారని భావించడం సరికాదు. యుద్ధసైన్యంలో వాహనచోదకులు, వంటవారు, ఇంజనీరింగు దళాలవారు, సంకేతదళాలవారు ఎందరో ఉంటారు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో అమెరికా సైన్యం సరిగ్గా ఇటువంటివారిని దృష్టిలో ఉంచుకొని ఒక కొత్త ఆలోచన చేసింది. అదే చిన్న చట్రానికి తొలి మెట్టు.

5. చట్రాన్ని నిర్ణయించేది తూటా

ట్రిగ్గర్‌ను ఒక్కసారి నొక్కితే ఒకే గుండు వెలువడి, ఆ పేలుడు శక్తితోనే ఖాళీ గుల్ల బయటపడి, తరువాతి తూటా గొట్టంలోకి చేరే ఏర్పాటు గల తుపాకి సెమీ ఆటోమేటిక్ రైఫిలు. చేతి పనిని యంత్రం అందుకొన్నది కనుక దానికి కొన్ని అదనపు భాగాలు కావాలి. గొట్టం నుండి వాయువును మళ్లించే ఏర్పాటు, వెనక్కీ ముందుకీ కదిలే బోల్టు వాహకం, దానిని తిరిగి తోసే స్ప్రింగు వాటిలో ముఖ్యమైనవి. ఇవన్నీ ఇమిడే లోహపు పెట్టె రిసీవరు. చట్రం అన్నది ప్రధానంగా దాని పరిమాణానికి సంబంధించిన మాట.

రిసీవరు ఎంత పొడవుండాలో నిర్ణయించేది తూటా. 7.62×51 మి.మీ. తూటా మొత్తం పొడవు 71 మి.మీ.; 5.56×45 మి.మీ. తూటా పొడవు 57 మి.మీ. మొదటిది సుమారు 24 గ్రాములు, రెండవది సుమారు 12 గ్రాములు. పొడవైన తూటాకు పొడవైన మ్యాగజైను, వెడల్పైన బోల్టు, దూరం కదిలే వాహకం అవసరం. తూటా చిన్నదైతే ఇవన్నీ కుదించుకోవచ్చు. ఈ కారణంగానే 7.62×51 వర్గపు తుపాకులను పెద్ద చట్రపువిగా, 5.56×45 వర్గపు తుపాకులను చిన్న చట్రపువిగా వ్యవహరిస్తారు.

అమెరికా సైన్యపు ఎం1 గరాండ్ సుమారు 4.3 కిలోల సెమీ ఆటోమేటిక్ రైఫిలు. అదే సైన్యం వాహనచోదకులు, ఫిరంగిదళాలవారు, సంకేతదళాలవారు వంటి వారి కోసం తక్కువ శక్తి గల తూటాతో ఎం1 కార్బైన్ చేయించింది. అది సుమారు 2.4 కిలోలు మాత్రమే. రెండూ సెమీ ఆటోమేటిక్ ఆయుధాలే. వాటి బరువుల మధ్య దాదాపు రెండు కిలోల వ్యత్యాసం ఉంది. చిన్న చట్రం మొదట తుపాకిని ప్రధాన వృత్తిగా మోయనివాని కోసం పుట్టిందన్న సంగతి గమనార్హం.

యుద్ధం తరువాత ఈ ఆలోచన పదాతిసైనికుని వద్దకు చేరింది. ఆర్మలైట్ సంస్థలో యూజీన్ స్టోనర్ 1950లలో 7.62 మి.మీ. తూటాకు ఏఆర్ 10 రూపొందించాడు. ఉక్కుకు బదులు అల్యూమినియం రిసీవరు వాడటం వలన అది పెద్ద చట్రమైనా సుమారు 3.3 కిలోలకే పరిమితమయింది. ఆ నమూనానే జిమ్ సలివన్, రాబర్ట్ ఫ్రీమాంట్‌లు కుదించగా ఏఆర్ 15 ఏర్పడింది. దాని సైనికరూపం ఎం16 సుమారు 2.9 కిలోలు. ఒకే కుటుంబంలోని ఈ రెండింటి మధ్య తేడా అరకిలోకు లోపే. బెల్జియం సంస్థ ఎఫ్.ఎన్. తయారుచేసిన స్కార్ రైఫిలు విషయంలోనూ ఇదే కనబడుతుంది. దాని చిన్న తూటా రూపం సుమారు 3.3 కిలోలు, పెద్ద తూటా రూపం సుమారు 3.6 కిలోలు.

చట్రం కుదించినంత మాత్రాన తుపాకి బరువు సగమవదని దీనివల్ల తేలుతుంది. బోల్టు, రిసీవరు తగ్గినా గొట్టం, మడమ, ట్రిగ్గర్ ఏర్పాటు దాదాపు అలాగే ఉంటాయి. తూటా బరువు సగానికి పడిపోతే తుపాకి బరువు పదోవంతు మాత్రమే తగ్గిన సందర్భాలున్నాయి. ఎం16 కూడా తేలికగా ఉండిపోలేదు. 1980లలో వచ్చిన ఎ2 రూపంలో గొట్టం లావై, మడమ పొడవై, బరువు సుమారు 3.4 కిలోలకు చేరింది. చిన్న చట్రం తన తొలినాటి పెద్దన్న బరువును దాటిపోయింది.

6. ఎస్.ఎల్.ఆర్. నుండి ఇన్సాస్ వరకు

1962లో చైనా సరిహద్దులో భారతసైనికులలో అత్యధికుల చేతిలో ఉన్నది త్రీ నాట్ త్రీయే. 1960ల తొలినాళ్లలో బెల్జియం ఎఫ్.ఎ.ఎల్. నమూనాను అనుసరించిన 1ఎ1 రైఫిలును ఇషాపూర్‌లో తయారుచేయడం ఆరంభమయింది. ‘సెల్ఫ్ లోడింగ్ రైఫిల్’ అన్న పేరుకు పొడి అక్షరాలుగా ఎస్.ఎల్.ఆర్. వాడుకలోకి వచ్చింది. ఇది 7.62×51 మి.మీ. తూటాకు చేసిన, సిసలైన పెద్ద చట్రపు సెమీ ఆటోమేటిక్ రైఫిలు. ఖాళీగా సుమారు 4.3 కిలోలు, మూడు వీశెలు. 1965, 1971 యుద్ధాల కాలపు సైనికుని జ్ఞాపకంలో తుపాకి అంటే ఎక్కువగా ఇదే.

1990లలో దాని స్థానంలోకి ఇన్సాస్ వచ్చింది. తూటా 5.56×45 మి.మీ. ఇది ఒక్కొక్క గుండుగానూ, మూడేసి గుండ్లుగానూ పేలుస్తుంది కనుక కేవలం సెమీ ఆటోమేటిక్ కాదు. అయినా తూటాను బట్టి చిన్న చట్రపు వర్గానికి చెందుతుంది. 1999 కార్గిల్ యుద్ధంలో దీనిని విస్తృతంగా వాడారు. దీని లోపలి ఏర్పాటు కలాష్నికోవ్ తరహాది. వాయువును నియంత్రించే భాగం ఎఫ్.ఎ.ఎల్.ను పోలినది. ఉక్కు రిసీవరు, పొడవైన గొట్టం కలిసి దీని బరువును సుమారు 4.1 కిలోల దగ్గర నిలిపాయి. తూటా సగమయింది. తుపాకి మాత్రం పావుకిలో కూడా తగ్గలేదు.

తూటాలతో కలిపి లెక్కిస్తే ఈ రెండు తరాల మధ్య తేడా మరింత స్పష్టమవుతుంది. మ్యాగజైన్ల బరువును పక్కన పెట్టి, చెరి వంద తూటాలు తీసుకొందాం. ఎస్.ఎల్.ఆర్.తో 4.3 కిలోలకు 2.4 కిలోలు చేరి 6.7 కిలోలు. ఇన్సాస్‌తో 4.1 కిలోలకు 1.2 కిలోలు చేరి 5.3 కిలోలు. ఆదా 1.4 కిలోలు, అంటే సరిగ్గా ఒక వీశె. ఆ వీశెలో ఏడింట ఆరు వంతులు తూటాల నుండి వచ్చింది. ఒక వంతు మాత్రమే తుపాకి నుండి వచ్చింది.

ఆదా అయిన ఈ వీశె ఎవరికి దక్కింది అన్నది తరువాతి ప్రశ్న. చిన్న తూటాను సమర్థించినవారి ప్రధాన వాదం సైనికునికి విశ్రాంతి కలుగుతుందని కాదు; అదే బరువుతో రెట్టింపు తూటాలు మోయవచ్చునని. వంద పెద్ద తూటాలు మోసినవాడు రెండువందల చిన్న తూటాలు మోస్తే భుజం మీద భారం మునుపటిదే. ఆ తరువాతి కాలంలో గుండు ఆపే కవచాలు, రేడియోలు, రాత్రివేళ చూసే పరికరాలు వచ్చి చేరాయి. అమెరికా సైనికచరిత్రకారుడు ఎస్.ఎల్.ఎ. మార్షల్ సైనికుని మోతపై 1950లో వెలువరించిన గ్రంథం ఈ ధోరణిని ముందే గుర్తించింది. ఒక వస్తువు తేలికైతే దాని స్థానంలో మరొక వస్తువును చేర్చడం సైన్యాల అలవాటన్నది ఆ చర్చలో ప్రధానాంశం.

7. స్థిరంగా నిలిచిన అంకె

ఇంతవరకు ప్రస్తావించినవాటితో పాటు మరికొన్ని తుపాకుల బరువులను ఒకచోట చేర్చితే ఈ క్రింది పట్టిక ఏర్పడుతుంది. ఇవి తూటాలు లేని తుపాకి బరువులు. అన్నీ సుమారు విలువలే. ఒకే నమూనాలోనూ కర్ర, తయారీలను బట్టి స్వల్పభేదం ఉంటుంది.

| తుపాకి | వాడుకలోకి వచ్చిన కాలం | కిలోలు | వీశెలు |
|---|---|---|---|
| ఇండియా ప్యాటర్న్ మస్కెట్ | 18వ శతాబ్ది చివర | 4.4 | 3.1 |
| ఎన్‌ఫీల్డ్ | 1853 | 4.3 | 3.1 |
| మార్టినీ హెన్రీ | 1871 | 3.8 | 2.7 |
| లీ ఎన్‌ఫీల్డ్ మార్క్ 3 | 1907 | 4.0 | 2.9 |
| ఎస్.ఎల్.ఆర్. 1ఎ1 | 1960లు | 4.3 | 3.1 |
| ఇన్సాస్ | 1990లు | 4.1 | 2.9 |
| సిగ్ 716 | 2019 | 4.0 | 2.9 |
| ఏకే 203 | 2021 ఒప్పందం | 3.8 | 2.7 |

నల్లమందు పోయి పొగలేని మందు వచ్చింది. మూతి నుండి కూరే పద్ధతి పోయి మ్యాగజైను వచ్చింది. కర్ర పోయి ప్లాస్టిక్ వచ్చింది. బరువు మాత్రం 2.7 వీశెలకూ 3.1 వీశెలకూ నడుమనే ఉండిపోయింది. దీనికి కారణాలను మూడుగా చెప్పుకోవచ్చు.

మొదటిది తుపాకి తన్ను. గుండు ముందుకు పోయిన వేగానికి ప్రతిగా తుపాకి భుజాన్ని వెనక్కి తన్నుతుంది. తూటా మారకుండా తుపాకి బరువు మూడింట ఒక వంతు తగ్గిస్తే, తన్ను శక్తి ఒకటిన్నర రెట్లవుతుంది. పెద్ద చట్రాన్ని మరీ తేలిక చేయడం వల్ల మోత తగ్గినా గురి చెడుతుంది. బరువు ఇక్కడ భారమే కాదు, ఉపకారం కూడా. రెండవది వేడి. వరుసగా పేల్చినప్పుడు పలుచని గొట్టం త్వరగా వేడెక్కి గురి తప్పుతుంది. లావైన గొట్టం ఎక్కువసేపు తట్టుకొంటుంది. మూడవది మనిషి శరీరం. నిలబడి, రెండు చేతులతో ఎత్తిపట్టి, భుజానికి ఆనించి గురిచూడగల బరువుకు ఒక హద్దు ఉంది. రూపశిల్పులు ఒక భాగాన్ని తేలిక చేసిన ప్రతిసారీ ఆ హద్దు వరకు మరేదో చేరింది.

8. మళ్లీ పెద్ద తూటా వైపు

చిన్న చట్రమే అంతిమదశ అన్న భావన కూడా నిలవలేదు. 2019లో భారత ప్రభుత్వం 7.62×51 మి.మీ. తూటాకు చేసిన 72,400 సిగ్ 716 రైఫిళ్ల కొనుగోలుకు ఒప్పందం చేసుకొంది. దూరంగా ఉన్న లక్ష్యంపై చిన్న తూటా ప్రభావం చాలదన్న అభిప్రాయం దీని వెనుక ఉంది. 2021లో 7.62×39 మి.మీ. తూటా గల ఏకే 203 రైఫిళ్లను అమేఠీ జిల్లా కోర్వాలో తయారుచేయడానికి రష్యాతో ఒప్పందం కుదిరింది. ఈ తూటా సుమారు 16 గ్రాములు. పెద్దదానికీ చిన్నదానికీ నడుమ నిలుస్తుంది. అమెరికా సైన్యం 2022లో ఎంపిక చేసుకొన్న 6.8 మి.మీ. రైఫిలు కూడా పెద్ద చట్రపుదే. దానితో సైనికుడు మోసే తూటాల సంఖ్య మునుపటి 210 నుండి 140కి తగ్గింది. తూటా పెరిగితే సంఖ్య తగ్గుతుంది. తూటా తగ్గితే సంఖ్య పెరుగుతుంది. రెండు సందర్భాలలోనూ సైనికుని భుజం మీది మొత్తం దాదాపు అదే.

దీనినిబట్టి చిన్న చట్రమా పెద్ద చట్రమా అన్న వివాదం ప్రధానంగా బరువును తగ్గించడం గురించి కాదని భావించవచ్చు. నిర్ణీతమైన ఒక మోతను తుపాకికీ తూటాలకూ తక్కిన సామగ్రికీ ఎలా పంచాలన్నదే అసలు వివాదం. పంపకం మారుతూ వచ్చింది, మోత మారలేదు.

9. దించుకోలేని బరువు

ధాన్యపు బస్తాతో పోలిస్తే మూడు వీశెల తుపాకి అల్పమైన బరువుగా తోచవచ్చు. డెబ్బై అయిదు కిలోల బస్తాను ఎత్తగలవానికి నాలుగు కిలోలు లెక్కలోనికి రావు. అయితే ఈ పోలికలో ఒక ముఖ్యభేదాన్ని విస్మరించకూడదు. బస్తా మోసేవాడు కొన్ని పదుల అడుగులు వేసి బండి మీద దించుతాడు. కావడి మోసేవాడు భుజం మార్చుకొంటాడు. కాపలాలో ఉన్న సైనికుడు తుపాకిని దించడు. దానిని మోస్తూ నడుస్తాడు, దానితోనే పడుకొంటాడు, కొండచరియ మీదా నీటిమడుగులోనూ దానిని తడవకుండా పట్టుకొంటాడు. బరువుకు కిలో ఒక కొలత అయితే కాలం మరొక కొలత. ఆయుధాల పట్టికలు మొదటిదానినే నమోదు చేస్తాయి. రెండవది మోసినవాని మాటలలో తప్ప మరెక్కడా దొరకదు.

ఈ కోణంలో కొల్లేరు ప్రాంతపు పరిశోధకులకు ఒక తక్షణ కర్తవ్యం ఉంది. ప్రపంచయుద్ధాల తరం దాదాపు గతించింది. 1965లో ఇరవై ఏళ్ల వయసున్న సైనికుడు 2025 నాటికి ఎనభైకి చేరాడు; 1971 యుద్ధకాలపు యువకుడు డెబ్బై అయిదుకు చేరువయ్యాడు. త్రీ నాట్ త్రీని వదలి ఎస్.ఎల్.ఆర్. పట్టినప్పుడు చేతికి ఎలా తోచింది, తూటాల పట్టీ ఏ వైపు నడుమును ఒరిసింది, తుపాకి భాగాలను వారు తమలో తాము తెలుగులో ఏ పేర్లతో పిలుచుకొన్నారు అన్న విషయాలు వారికే తెలుసు. తెలుగు శాఖలు వృత్తిపదకోశాలను సేకరించే సంప్రదాయం ఉన్నది. వ్యవసాయం, చేనేత, మత్స్యకారవృత్తి ఆ సేకరణలో చోటు పొందాయి. ‘తిలంగా’ అన్న మాటను దేశానికి ఇచ్చిన జాతి సైనికవృత్తి పదజాలాన్ని కూడా ఆ వరుసలో చేర్చుకోవలసి ఉంది.

10. ముగింపు

పై పరిశీలన నుండి మూడు విషయాలు నిర్ధారించవచ్చు. మొదటిది, పెద్ద చట్రం, చిన్న చట్రం రైఫిళ్ల మధ్య ఖాళీ బరువులో ఉన్న తేడా సాధారణంగా భావించేదానికన్నా స్వల్పం, ఎస్.ఎల్.ఆర్., ఇన్సాస్‌ల విషయంలో అది నామమాత్రం. రెండవది, నిజమైన తేడా తూటాలలో ఉంది. కనుక తూటాలను వదలి తుపాకిని మాత్రమే తూచడం చారిత్రకంగా అసంపూర్ణమైన పద్ధతి. మూడవది, యంత్రం తేలికయినప్పుడల్లా మిగిలిన చోటును సైన్యాలు వేరొక అవసరంతో నింపాయి.

మాధవరం నుండి మొదటి యుద్ధానికి వెళ్లినవాని తుపాకికీ, కార్గిల్ నాటి సైనికుని తుపాకికీ బరువులో తేడా గుప్పెడు ధాన్యమంత. ఆ ఎనిమిది దశాబ్దాలలో కర్మాగారాలు, ప్రభుత్వాలు, తూటాలు మారాయి. మూడు వీశెల మోత మాత్రం తరం నుండి తరానికి భుజం మారింది. దానిని మోసినవారి మాటలను నమోదు చేసినప్పుడే ఆ ఊరి సైనికచరిత్ర సంఖ్యల జాబితా స్థాయిని దాటి చరిత్ర అవుతుంది.